తెనుఁగు కతోలిక విచారణ: గుడియు, కూటమును, వాని మాటలును

కతోలిక క్రైస్తవులలో ఒక గురువు పాలనకు లోఁబడిన గుడికిని, ఆ గుడి నాశ్రయించిన జనసమూహమునకును, వారు నివసించు గ్రామములకును కలిపి తెనుఁగున "విచారణ" యని పేరు. న్యాయస్థానములలో ఈ మాటకుఁ గల యర్థము వేఱు. విచారణ యనఁగానే నేరమును సాక్షులును మనసునకు వచ్చుటచేత, "మాది ఫలాని విచారణ" యని యొక కతోలికుఁడు చెప్పినపుడు వినువాఁడు తడఁబడుట కలదు. కాని దేవస్థానములకు ధర్మకర్తలవలెనే విచారణకర్తలును ఉండుట మనమెఱిఁగినదే. యోగక్షేమములు విచారించుట యనునది నేఁటికిని పోని పలుకుబడి. ఆ ప్రాఁతయర్థమే యిచ్చట నిలిచియున్నది. విచారణకుఁ గర్తయైన గురువు విచారణకర్త. విచారణ లనేకములు చేరినది మేత్రాసనము. దాని నేలువారు మేత్రాణులు. ఈ కడపటి మాట మెత్రొపోలితను గ్రీకు పదము మళయాళ తమిళ ముఖములగుండ అఱిగి వచ్చిన రూపము. దానికి "ఆసనము"ను చేర్చుటతో సంస్కృతసమాసమువలెఁ గనఁబడుచున్నది.

ఇరుగుపొరుగు భాషలవారు ఇదే వస్తువునకు ఏ పేరు పెట్టిరో చూచిన మన మాట విశేషము తెలియును. తమిళ కతోలికులు "పంగు" అందురు. అనఁగా పాలు, వంతు. మళయాళులది "ఇడవక". కొంకణీవారు పోర్చుగీసు మాటనే మలఁచి "ఫిర్గజ్" అనుచున్నారు. ఈ వస్తువునకు గ్రీకు మాట "పరోయికియ". దానికిఁ బరుల చెంతఁ గాపురముండుట యని యర్థము. తెనుఁగు మాట నేలను గాని వంతును గాని చెప్పక, ఒకరు పలువురను కనిపెట్టియుండుటను చెప్పుచున్నది. 1917 నాఁటి కతోలిక ధర్మశాస్త్రము విచారణను ముఖ్యముగా మేత్రాసనమునందలి భూవిభాగముగా నెన్నినది. 1983 నాఁటి శాస్త్రము 515వ సూత్రమున దానిని స్థిరముగా నేర్పడిన విశ్వాసుల సముదాయముగా నిర్వచించినది. ఈ రెండవ యర్థమునకుఁ దెనుఁగు మాట మొదటినుండియు దగ్గఱగనే యున్నది. ఆ మాట చెప్పిన పనిని విచారణ యంతటను చేసినదా యనునది వేఱు ప్రశ్న. దానికిఁ దరువాత వత్తును.

సాహిత్యపరిశోధకులు ఈ విషయమున ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. విచారణకుఁ బ్రాణమైన పూజ లాటినుభాషయందు జరిగిన కాలమునఁ దెనుఁగు ఎక్కడనుండెను? 1570లో అయిదవ భక్తినాథ పాపుగారు స్థిరపఱచిన పూజగ్రంథమే స్వల్పభేదములతో 1960 ప్రాంతముల వఱకును నడచినది. గురువు పీఠము వంకకుఁ దిరిగి, జనులకు వీఁపు చూపి, ముఖ్యభాగమును మెల్లని స్వరమునఁ బఠించెడివాఁడు. ప్రత్యుత్తరములను పరిచారకుఁడైన బాలుఁడు లాటినుననే చెప్పవలెను. ఆ బాలుఁడు మాలపల్లెవాఁడైనను, రెడ్డిబిడ్డయైనను, అర్థము తెలియకయే పలుకులను కంఠపాఠము చేయవలసినదే. గుడి నిండ జనులు మోఁకాళ్ళమీఁద నుండిరి, వారు ఊరకుండలేదు. గురువు లాటినున బలియర్పించుచుండఁగా వారు తెనుఁగున జపమాల చెప్పుకొనిరి. గుడి మధ్యమునఁ గనఁబడని సరిహద్దొకటి యుండెను. పీఠము దాఁక లాటిను. ఇవతల నంతయుఁ దెనుఁగు.

ఆ యివతలి తెనుఁగు ఎట్టిదో గమనింపవలెను. జపమాలలోఁ బదేసి పూసల వరుసలు అయిదు. వరుసకొక పరలోకజపము, పది మంగళవార్తజపములు, ఒక త్రిత్వస్తోత్రము. ఒకరు మొదటి సగము చెప్పఁగాఁ దక్కినవా రందఱును రెండవ సగము నందుకొందురు. ఈ లెక్కను సాయంకాలపు జపమొక్కటియే జరిగినను ఏఁబదిమాఱులకుఁ దక్కువ గాకుండ నొకే తెనుఁగువచనము నోట నడచును. దానికి విశ్వాససంగ్రహము, త్రికాలజపము, పశ్చాత్తాపజపము, ప్రార్థనమాలలు కలియును. ఇవన్నియు గ్రాంథికవచనము. "కలుగునుగాక", "చేయుచున్నాము", "ప్రార్థింపుము" వంటి రూపములు, షష్ఠీవిభక్తులతోఁ గూడిన దీర్ఘసమాసములు, సంబోధనలు అందు నిండియుండును. అక్షరము తెలియని కూలియాఁడుది కూడ వీనిని తప్పు లేకుండ నొప్పగింపఁగలదు. పద్యములును పదములును పామరుల నోట నుండుట మనకుఁ గ్రొత్త గాదు. శతకపద్యము రాని పల్లెయే లేదు. కాని వచనము, అందును వ్యాకరణబద్ధమైన వచనము, పుటలకొలఁది నిరక్షరాస్యుల కంఠమున నిలుచుట మన భాషలో నరుదు. వచనవాఙ్మయచరిత్రలు వ్రాసినవారు దీని నించుకయైన నెత్తికొనకపోవుట నాకు వింతగాఁ దోఁచుచున్నది. గిడుగు రామమూర్తిగారి కాలమునఁ జెలరేగిన వాదమున గ్రాంథికము జనులకుఁ దెలియునా తెలియదా యని యిరుపక్షములవారును కలహించుచుండఁగా, గుంటూరు మండలపుఁ గతోలిక గృహములలో నాసాయంకాలమే యొక గ్రాంథికవచనము జపమాలపూసలమీఁద దొరలుచుండెను. అది వారికిఁ దెలిసెనా యని యడిగిన, మాట మాటకు నర్థము చెప్పలేకపోవచ్చును. ఎప్పుడు దేనిని చెప్పవలెనో, ఏది సంతోషమునకు, ఏది మరణశయ్యకు తగునో వారికి బాగుగాఁ దెలియును.

ఈ వచనము ఎవరు కూర్చిరి, ఎట్లు నిలిచినది యనుటకుఁ గొంత చరిత్ర చెప్పక తీఱదు. 18వ శతాబ్ది యారంభమునఁ బుదుచ్చేరినుండి ఫ్రెంచి యేసుసభవారు తెనుఁగు సీమలోఁ బ్రవేశించిరి. వారి పనికిఁ గర్ణాటక మిషను అని పేరు. పుంగనూరు, కృష్ణాపురము, మద్దిగుబ్బ, బుక్కాపురము మొదలైనవి వారి తావులు. మధురలో 1606 మొదలు రాబర్టు డి నోబిలి నడచిన త్రోవనే పట్టి, కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసులవలె మసలిరి. తమ్ము పరంగులనుట వారికి మిక్కిలి వెగటు. ఆ పరంగి మాటయే తెనుఁగున ఫిరంగి. తరువాతి కాలమునఁ దెనుఁగు కతోలికులకుఁ బేరెన్నికగన్న నివాసములలో నొకటి కొండవీటి చేరువనున్న ఫిరంగిపురమగుట కాలము చేసిన చమత్కారము. ఈ సన్న్యాసులలోఁ గొందఱు మన భాషలో గట్టి పండితులు. గాస్తోన్ కూర్దో యనునాయన తెనుఁగునకు నిఘంటువు కూర్చినవాఁడు. సంస్కృతమునకును గ్రీకు లాటినులకును గల చుట్టఱికమును 1767 ప్రాంతమునఁ బారిసు పండితులకు వ్రాసి తెలిపినవాఁడు.

దేశీయకవులును ఈ మార్గమునఁ గలము పట్టిరి. పింగళి ఎల్లనార్యుఁడు తోభ్యచరిత్రమును రచించెను. తోభ్యుని కథ కతోలికుల వేదగ్రంథమున నున్నది. ప్రొటెస్టెంటుల గ్రంథమునఁ బ్రమాణభాగముగా లేదు. ఆ కావ్యము కతోలికసంప్రదాయమునఁ బుట్టినదనుటకు వస్తువే సాక్ష్యము. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమున యేసుచరిత్రమును ప్రబంధఫక్కిని వెలయించెను. పండితులు క్రైస్తవవాఙ్మయ మనఁగానే ఈ రెండు పేరులు చెప్పి యూరకుందురు. అవి కావ్యములు గావున వారి కంటఁబడినవి. విచారణలను నిలిపినది మాత్రము కావ్యములు గావు. పేరు లేని జపములును ప్రశ్నోత్తరములును.

నిలుపవలసిన యవసరమును గట్టిగనే కలిగినది. ఫ్రాన్సులో యేసుసభ 1764లో రద్దయినది. 1773లోఁ బదునాలుగవ క్లెమెంటు పాపుగారు లోకమంతటను దానిని రద్దుచేసిరి. ఉన్న గురువులు ముదుసలులైరి. క్రొత్తవారు చాలినంతమంది రాలేదు. క్షామములును దండయాత్రలును రాయలసీమనుండి కమ్మ రెడ్డి క్రైస్తవకుటుంబములను తూర్పునకుఁ దఱిమినవి. వారు గుంటూరు నెల్లూరు ప్రాంతములలోఁ దావు చేసికొనిరి. విశాఖపట్టణమునకు 1846లో సవాయి సీమనుండియు, హైదరాబాదునకు 1855లో మిలానునుండియు, గుంటూరు నెల్లూరు సీమలకు 19వ శతాబ్ది చివరి పాదమున నింగ్లండునందలి మిల్‌హిల్ సభనుండియు గురువులు వచ్చువఱకును అనేకగ్రామములకు గురుదర్శనమే యరుదు. గురువు లేక పూజ లేదు, పాపసంకీర్తనము లేదు, సత్ప్రసాదము లేదు. మిగిలినవి జ్ఞానస్నానము, జపము, ఉపదేశి.

ఉపదేశిని గూర్చి కొంచెము చెప్పవలెను. ఇతఁడు గురువు కాఁడు. పెండ్లియాడి బిడ్డలుగల గృహస్థుఁడు, స్వల్పజీతగాఁడు. ప్రశ్నోత్తరరూపమైన సత్యోపదేశమును పిల్లలచే వల్లె వేయించుట, ఆదివారమున జనులను గూర్చి జపము చెప్పించుట, ప్రాణాపాయమున నున్న శిశువునకు జ్ఞానస్నానమిచ్చుట, చనిపోయినవానిని జపములతో సమాధికిఁ జేర్చుట, గురువు వచ్చినపుడు ఎవరి యింట నేమి కలహమున్నదో విన్నవించుట యితని పనులు. ప్రాణాపాయమున నెవరైనను జ్ఞానస్నానమియ్యవచ్చుననుట కతోలికశాస్త్రసమ్మతము. ఈ యొక్క నియమమే లేకున్న నాయెడమునఁ దెనుఁగు విచారణలు చాలవఱకు నశించియుండెడివి. పరదేశిగురువుల చరిత్రలు ముద్రితములై యున్నవి. ఉపదేశుల పేరులే పెక్కింటికి మిగులలేదు.

ఇఁక మాటలు. తెనుఁగు క్రైస్తవుఁడు నోరు తెఱచిన రెండు వాక్యములలో నతఁడు కతోలికుఁడో కాఁడో చెప్పవచ్చును. ఇతనికి సర్వేశ్వరుఁడు, పవిత్రాత్మ, పూజ, గుడి, పాస్కాపండుగ. అతనికి దేవుఁడు, పరిశుద్ధాత్మ, ఆరాధన, మందిరము, పునరుత్థానపండుగ. పల్లెలలో "ఆర్.సి.యం. వారు" అని వేఱుగాఁ బిలుచుటకు ముందే భాష వేఱుపఱచినది. ప్రొటెస్టెంటు సంప్రదాయము మొదటినుండియు అచ్చుపుస్తకముతో వచ్చినది. బెంజమిను షుల్జి తెనుఁగుపుస్తకములు జర్మనీలోని హల్లెపట్టణమున 1746, 47 సంవత్సరములలోనే యచ్చుపడినవి. కతోలికుల తెనుఁగు చిరకాలము తాళపత్రమునను నోటను బ్రదికినది. అందుచేతనే దేవాలయపరిభాష దానికి దగ్గఱచుట్టమైనది.

"సత్ప్రసాదము" అను మాటను చూడుఁడు. దేవాలయమున నైవేద్యము దేవునికి నివేదితమై మరలి వచ్చి ప్రసాదమగును. కతోలికపూజయందును జనుల పక్షమునఁ గొనివచ్చిన గోదుమయప్పమును ద్రాక్షారసమును పీఠముమీఁద నర్పితములై మరలి వారికే యందును. రాకపోకల యీ సామ్యమును చూచియే ప్రసాదశబ్దమును గ్రహించిరి. భేదమును చూపుటకు "సత్" చేర్చిరి. అర్పితమైన యప్పమునందుఁ గ్రీస్తు గుర్తుగా మాత్రము గాక నిజముగా నున్నాఁడనునది కతోలికవిశ్వాసము. ఉనికిని చెప్పు సచ్ఛబ్దమునకు నాకుఁ దోఁచు సార్థక్యమిదియే. అనుగ్రహమునకు "వరప్రసాద" మనుటయు నీకుదురునుండియే. కాని గుడిప్రసాదము అడిగినవారి కెల్ల దొరకును, ఇరుగుపొరుగులకుఁ బంపవచ్చును. సత్ప్రసాదము జ్ఞానస్నానము పొంది, పాపవిముక్తులై, ఉపవాసముండి వచ్చినవారికే. ఆ యుపవాసము పూర్వము నడురేయి మొదలు మంచినీళ్ళైన ముట్టరాని కఠినవ్రతము. 1953లో నీళ్ళకు సెలవు వచ్చినది. 1957లో మూఁడు గంటలుగను, 1964లో నొక గంటగను తగ్గినది. పిలుపు ప్రసాదము, కట్టుబాటు వేఱు. పండుగనాఁడు హిందూమిత్రుఁడు వరుసలో వచ్చి చేయి చాఁచినపుడు గురువు సంకటపడుటకు ఈ మాటయే మూలము.

అంతకంటె లోఁతైనది "దేవద్రవ్యానుమానము". జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, సత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, గురుపట్టము, జ్ఞానవివాహము అను నేడింటికిని ప్రాఁతకాలపు సామాన్యనామమిది. తమిళమునను ఇదే కలదు. మన కిప్పు డనుమాన మనఁగా సందేహము. తార్కికుల కది ప్రమాణము. పొగను చూచి నిప్పు నెఱుఁగుట. కంటికిఁ గనఁబడు నీరు, తైలము, అప్పము అను ద్రవ్యములచేఁ గనఁబడని దైవానుగ్రహము నెఱుఁగుట యని యీ సమాసమునకుఁ దాత్పర్యము చెప్పవచ్చును. లాటినుశాస్త్రకారులు పుటలు వ్రాసి చెప్పిన దానిని న్యాయశాస్త్రపు మాట యొక్కటి చెప్పుచున్నది. ఇప్పుడు దీనిని విడిచి "దివ్యసంస్కారము" లనుచున్నారు. సుబోధమే, కాని పొగయును నిప్పును పోయినవి. అట్లే పునీతులకు మునుపు చేర్చెడి "అర్చ్యశిష్ట" బిరుదము కేవలము ముసలివారి నోట మిగిలినది. పాపసంకీర్తనము మాత్రము నిలిచియున్నది. అన్నమాచార్యుల నాఁట సంకీర్తనమునకు దేవుని పొగడుట యర్థము. ఇచ్చట తన పాపములను లెస్సగాఁ జెప్పుకొనుట. రెండును చెవిని వేయుటయే గదా!

సంవత్సరచక్రమును వేగముగాఁ దిరిగి చూతము. తపస్సుకాలము విభూదిబుధవారముతో మొదలగును. గడచిన యేఁటి మ్రానికొమ్మలను కాల్చిన బూడిదను గురువు నొసటఁ బెట్టి, మంటినుండి వచ్చినవాఁడవు మన్నయ్యెదవని జ్ఞప్తిచేయును. శైవుని విభూదియు నాచోటనే యుండును. తపస్సుకాలపు శుక్రవారములఁ బదునాలుగు స్థలముల సిలువమార్గము, పిదప మ్రానికొమ్మల ఆదివారము, పాస్కా. ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణపుఁ బండుగ. అక్టోబరు జపమాలమాసము. నవంబరు 2వ తేది సమాధులకు సున్నము వేసి, పువ్వులుంచి, దీపములు వెలిగించి కుటుంబములు గోరీలకడనే జపము చెప్పుకొనును. దానిని సమాధులపండుగ యందురు. విచారణపునీతుని పండుగకుఁ దొమ్మిదిదినముల జపములు, తేరు, బాజాలు, కోలాటము, అల్లుండ్ర రాక. గుణదలలో 1924లో అర్లాతి గురువు కొండమీఁద మరియమాత స్వరూపమును నిలిపిన పిదప ఫిబ్రవరి 9, 10, 11 తేదులలో జరుగు తిరునాళ్ళకు మతభేదము లేకుండ జనులు కొండయెక్కుచున్నారు. తలనీలా లిచ్చువారును, టెంకాయ కొట్టువారును కలరు. ఈ యాచారములను చూచి ముఖము చిట్లించువారు లోపలను వెలుపలను ఉన్నారు. 1969లో రోముననుండియే భారతీయపద్ధతులు పండ్రెండింటికి, అనఁగా నేలఁ గూర్చుండుట, అంజలి, హారతి మొదలగువానికి అనుమతి వచ్చినది. కొండయెక్కిన పల్లెజనులు మాత్రము ఆ యనుమతికై కాచియుండలేదు.

విచారణ నిజస్వరూపము తెలియవలెనన్నఁ బేరులను చూడవలెను. పేతురు గ్రీకున రాయి గావున రాయప్ప. పౌలు లాటినునఁ జిన్నవాఁడు గావున చిన్నప్ప. ఈ రెండును తమిళపు దారిని వచ్చిన యర్థానువాదములు. ఇగ్నాతియుఁడు ఇన్నాసియై, మనకడ ఇన్నయ్య, ఇన్నారెడ్డి యయ్యెను. శవేరియారు శౌరి యయ్యెను. శౌరి విష్ణునామము! బాలశౌరి యను పేరు విని వైష్ణవకుటుంబమనుకొన్నవారు కలరు. జోజప్ప, అంతయ్య, మరియన్న, సిలువయ్య, లూర్దమ్మ, వేలాంగణ్ణిమాత పేర ఆరోగ్యమ్మ. ఫాతిమా యనునది పోర్చుగలునందలి యూరి పేరు. 1917 నాఁటి దర్శనములచేఁ బ్రసిద్ధము. ఆ యూరి పేరు మహమ్మదుప్రవక్త కూఁతురి పేరే.

ఈ పేరులన్నియు గుడిపుస్తకములలో వేఱుగా నున్నవి. త్రెంతుసభ 1563లో వివాహములను పుస్తకమునఁ దప్పక వ్రాయవలెనని విధించినది. జ్ఞానస్నాన వివాహ మరణముల పట్టికలు నేఁటికిని ప్రతివిచారణకును విధులు. పూర్వపు పట్టికలు లాటినున నుండును. ఇంట రాయప్ప యనఁబడినవాఁడు అందుఁ బేత్రుసు, చిన్నప్ప పౌలుసు. తెనుఁగు ఇంటిపేరులు రోమకలిపిలో విదేశీయుని చెవికి విననైనట్లు వ్రాయఁబడినవి. కుటుంబముల రాకపోకలకును, ఇంటిపేరుల పూర్వోచ్చారణమునకును ఇంతకంటె మంచి యాధారములు పల్లెలలో దొరకవు. చెదలు వానిని ముందుగఁ జదువుచున్నవి.

పేరు వెనుకఁ గులమున్నది. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూలుకులముల హక్కులను హిందువులకే పరిమితము చేసినది. తరువాత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించినది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రదేశమునఁ గ్రైస్తవులైన దళితులను వెనుకఁబడిన తరగతులలో "సి" భాగమున నొకశాతపు వంతుతో నుంచిరి. అందుచేత అనేకులకు గుడిపుస్తకమున నొక పేరు, బడిపుస్తకమున మఱియొక పేరు. ఒకే బిడ్డ రెండు పుస్తకములలో నిద్దఱగును. దీనిని కపటమని నిందించుట సులభము. ఆ బిడ్డ తండ్రి నిలిచిన చోట నిలిచి చూచినవారు అంత తొందరగా ననఁజాలరు.

గుడిలోపలి మాటయు నంత తిన్ననైనది గాదు. 1704లోఁ బుదుచ్చేరియందుఁ బాపుప్రతినిధి తూర్నోను గురువులకుఁ జేసిన యాజ్ఞలలో, రోగముననున్న పరయకులజుల యిండ్లకుఁ బోయియే సంస్కారములు జరుపవలెననుట యొకటి. అట్టి యాజ్ఞ యవసరమైనదనఁగా నాఁటి నడవడి యెట్టిదో తెలియును. 1744లో వివాదము ముగిసినపుడు వారికి వేఱుగా గురువుల నేర్పఱచుటతో సరిపుచ్చిరి. ఆ వేఱుదనము గుడికట్టడమునను, వరుసలలోను, సమాధులదొడ్డిలోను, తేరు ఏ వీథిని తిరుగవలెనను తగవులోను తరతరములుగాఁ గొనసాఁగినది. సత్ప్రసాద మొక్కటియే యైనను, వరుసలు రెండు. తెనుఁగు విచారణలలో అధికసంఖ్యాకులు దళితులైనను, పీఠముల నధిష్ఠించినవారు చిరకాలము తక్కిన కులములవారు. 1940లో గుంటూరు మేత్రాసనమేర్పడఁగాఁ బోతకమూరి తోమాసుగారు మొదటి మేత్రాణులైరి. 2000 సంవత్సరమున మరంపూడి జోజిగారు హైదరాబాదు అగ్రపీఠమునకు వచ్చిరి. దళితులలో నట్టి పదవి వారికే మొదటిది. 2022 ఆగస్టు 27న పూల అంతోనిగారు కార్డినలైరి. తెనుఁగువారిలోను, దళితులలోను ఆయనయే ప్రథముఁడు. భారతమేత్రాణుల సభ 2016 డిసెంబరునఁ బ్రకటించిన దళితాభ్యుదయవిధానమున గుడిలోపలి కులభేదమును పాపముగా నొప్పుకొన్నది. పై యంతస్తునఁ బీఠమొకటి మాఱినంతనే క్రిందిదొడ్డిలోని గోడ కూలునని యెవరును భ్రమపడలేదు. అయినను ఉపదేశుల మనుమలలో నిట్టి మార్పు గలుగుట చిన్నవిషయము గాదు.

కడపటిది భాషామార్పు. రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన యారాధనవిధానపత్రమువలన దేశభాషలకుఁ బీఠముమీఁదఁ జోటు గలిగినది. అటుపిమ్మటఁ గొలఁదియేండ్లలో గురువు జనులవంకకుఁ దిరిగెను; తెనుఁగు పీఠమెక్కినది. జనులు పూజయందే ప్రత్యుత్తరము చెప్పుచున్నందునఁ బూజాకాలపు జపమాల నిలిచిపోయినది. వేదపఠనమునకు స్త్రీపురుషులు పీఠముకడకు వచ్చుచున్నారు. విచారణకు సలహాసంఘమును, లెక్కలు చూచుటకు వేఱొక సంఘమును 1983 శాస్త్రమువలన నేర్పడినవి. వీనిలో రెండవది విధి. ఉపదేశి పని చాలవఱకు మఠకన్యలకును యువకులకును పంచఁబడినది. ఇవన్నియు మేలైన మార్పులే. లాటినుపూజను కోరి విలపించుట నా యుద్దేశము గాదు.

అయితే జపములను కూడ క్రొత్త యనువాదములనుబట్టి దిద్దుటచే నిప్పు డొకే యింట రెండు పాఠములు వినవచ్చుచున్నవి. గుడిలో నందఱును క్రొత్తపాఠమును చెప్పుదురు, చేతఁ బుస్తకముండును. ఇంటిలో మరణమైనపుడు రాత్రి శవముకడఁ గూర్చుండి చెప్పు జపమాలకుఁ బుస్తకముండదు. అప్పుడు పెద్దవారు మొదలుపెట్టుదురు. వారి నోట వచ్చునది ప్రాఁతపాఠము. పిన్నలు రెండవ సగము నందుకొనఁబోయి, మాట కలియక, ఒక్కక్షణ మాగి, పెద్దల వెంటఁ బోవుదురు. ప్రాఁతపాఠములను, ప్రాంతభేదములతోఁ గూడ, వ్రాసికొనవలసిన చోటు ఆ రాత్రికూటము. గుంటూరు నెల్లూరు సీమల పాఠమునకును తెలంగాణపు పాఠమునకును, ఈ రెంటికి విశాఖ సీమ పాఠమునకును గల భేదములను ప్రక్కప్రక్క నుంచి చూచినచో, ఏ సభ గురువులు ఏ మాటను తెచ్చిరో, ఉపదేశులు దేనిని మార్చిరో తెలియవచ్చును. ఆ పాఠములు తెలిసినవారు ఇప్పుడు ఎనుబదియేండ్ల వారు.